అరవై నాలుగు అడుగుల దూరం: విశాఖపట్నంలో ఒక ఉమ్మడి ఇంట్లో నాలుగు నెలలు

గత జనవరి మొదటి వారం నుంచి ఏప్రిల్ చివరి వరకు విశాఖపట్నంలో, పెదవాల్తేరు దాటి సముద్రం వైపు దిగే వీధుల్లో ఒకదానిలో, ఆఫీసుకు వెళ్లకుండా ఉద్యోగం చేసుకునేవారి కోసం నడుపుతున్న ఒక ఉమ్మడి ఇంట్లో ఉన్నాను. కో-లివింగ్ (కలిసి ఉండటం), కో-వర్కింగ్ (ఒకే చోట కూర్చుని ఎవరి పని వారు చేసుకోవడం) అనే రెండు మాటలనూ గేటు పక్కన ఒకే బోర్డు మీద రాసుకున్న ఇల్లు అది. రెండు అంతస్తుల్లో కలిపి పద్నాలుగు గదులు, పెరట్లో విడిగా కట్టిన పని హాలు, ఒక వంటిల్లు, ముందు వైపు పొడవాటి వసారా, దాన్ని ఆనుకుని వీధి వైపు రెండు అరుగులు ఉన్నాయి. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు వాడకందారుల కోసం సహాయ పత్రాలు రాస్తాను కాబట్టి రోజులో ఆరు గంటలు ఎవరూ పలకరించకుండా ఉండాలి, మిగిలిన రెండు గంటలు కాల్స్‌లో మాట్లాడుతూనే ఉండాలి. ఇంటి పేరు ఇక్కడ రాయడం లేదు. నా ఫిర్యాదులను యజమానికి ముఖాముఖి చెప్పాను, ఆయన కొన్నింటిని సరిచేశారు, కొన్నింటిని సరిచేస్తానన్నారు. ఇలాంటి చోటు వెతుక్కునేవారు ఏ ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా ఏమేం చూసుకోవాలో తెలిస్తే చాలునన్నది నా ఉద్దేశం.

అసలు అక్కడికి ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. హైదరాబాదు కొండాపూర్‌లో మాది ఒకే పడకగది ఉన్న ఫ్లాటు. 2020 మార్చిలో ఆఫీసు మూసినప్పుడు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను, తర్వాత అది అక్కడి నుంచి లేవలేదు. నేనే కంచం పట్టుకుని సోఫాలోకి మారాను. రాత్రి పదింటికి మంచినీళ్ల కోసం లేచినా దారిలో అదే కనబడుతుంది, ఒక్క మెయిలే కదా అని కూర్చుంటే పదకొండున్నర అవుతుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా చదివిన రోజున నా వారాన్ని లెక్క వేసుకున్నాను. యాభై ఎనిమిది గంటలు తేలింది. అందులో కనీసం పది గంటలు ఎవరూ అడగని పని, బల్ల దగ్గరగా ఉంది కాబట్టి చేసిన పని.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు సముద్రం ఎంత దూరమో అడగలేదు. పడుకునే చోటికీ పనిచేసే చోటికీ ఎంత దూరమో చూశాను. నా గది గడప నుంచి పని హాలు గడప వరకు అరవై నాలుగు అడుగులు పడతాయి. మెట్లు దిగాలి, వసారా మీదుగా తిరగాలి, ఇప్పుడు వల కప్పి ఉంచిన పాత బావిని దాటి, బాదం చెట్టు కింద నుంచి వెళ్లాలి. వానొస్తే గొడుగు కావాలి. మొదట్లో దీన్ని లోపమనే అనుకున్నాను, గదుల పక్కనే హాలు కట్టి ఉంటే బాగుండేదని మేనేజరుతో అన్నాను కూడా. రెండు వారాలు గడిచాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ప్రతి బల్ల కిందా తాళం వేసుకునే సొరుగు ఉంది. సాయంత్రం ఆరున్నరకు ల్యాప్‌టాప్‌ను అందులో పెట్టి తాళం వేసి గదికి వచ్చేదాన్ని. రాత్రి పదింటికి మెయిలు చూడాలనిపించినా మెట్లు దిగి, చీకట్లో చెట్టు కింద నుంచి నడిచి, తాళం తీయాలి. ఆ ఆలోచనతోనే కోరిక చల్లారిపోయేది. నాలుగు నెలల్లో మూడే మూడు సార్లు అలా వెళ్లాను, వాటిలో ఒక్కటి మాత్రమే నిజంగా అవసరమైంది. ఆ ఇంట్లోని అన్ని వసతుల్లోకీ నాకు ఎక్కువ మేలు చేసింది ఈ సొరుగే. దాని ఖరీదు రెండు వేలు కూడా ఉండదు, వారి ప్రకటనలో దాని ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇంట్లో ఉండి పనిచేయడం మనకేమీ కొత్త కాదు. నేతపని చేసే పాత ఇళ్లలో మగ్గం గుంట ఇంట్లోనే ఉండేది. అయితే గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే పనిలో ఉన్నట్టు, లేచి వస్తే లేనట్టు. ఆ తేడా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసేది, ఎవరూ చెప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు అలాంటి గుంట లేదు. మంచం మీదికీ వంటింటి గట్టు మీదికీ అది మనతోపాటే వచ్చేస్తుంది. ఉమ్మడి నివాసాలు కట్టేవారు కుర్చీల రంగు గురించి పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ గుంట ఎక్కడ తవ్వాలన్న దానిపై పెడితే బాగుంటుంది.

ఇక అరుగుల సంగతి. ఇల్లు పాతది, యజమాని తాతగారు కట్టించినది. మరమ్మతు చేయించినప్పుడు గుత్తేదారు వసారాకు అద్దాలు బిగించి కాఫీ షాపు పెడదామని, అరుగులు తీసేస్తే రెండు బైకులు నిలపవచ్చని సలహా ఇచ్చాడట. యజమాని ఒప్పుకోలేదు. సొంత డబ్బుతో చేసిన పనుల్లో కన్నా చేయకుండా వదిలేసిన ఈ ఒక్క పనిలో ఆయన తెలివి నాకు ఎక్కువ కనిపించింది. వీధి గుమ్మానికి అటూ ఇటూ ఉన్న ఆ అరుగులు కుర్చీ ఎత్తున ఉంటాయి, పైన నాపరాయి పరిచి ఉంటుంది, సాయంత్రం నాలుగు దాటితే నీడ పడి రాయి చల్లబడుతుంది. అరుగు మీద కూర్చున్న మనిషి ఇంట్లోనూ లేడు, వీధిలోనూ లేడు. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే మాట్లాడవచ్చు, మాట్లాడకపోయినా తప్పు లేదు. లేచి వెళ్లడానికి ఏ సాకూ చెప్పనక్కర్లేదు. ఒంటరిగా ఉండే చోటు గది, అందరితో ఉండే చోటు హాలు. ఈ రెంటికీ మధ్య ఏ సంగతీ తేల్చుకోనక్కర్లేని చోటు ఒకటి కావాలని అక్కడ కూర్చున్నాకే నాకు అర్థమైంది. హాల్లో మూడు వారాలు పక్క బల్ల దగ్గరే కూర్చున్న అమ్మాయితో మొదటి మాట అరుగు మీదే కలిసింది, అదీ వీధిలో వెళ్తున్న ముంజల బండి వల్ల.

పని హాలు దగ్గరికి వస్తే నా అభిప్రాయం అంత ఏకపక్షంగా ఉండదు. ఇరవై బల్లలు ఉన్నాయి, గదుల్లో ఉండేవారు కాక బయటి నుంచి రోజు లెక్కన వచ్చేవారు కూడా ఐదారుగురు ఉంటారు. బల్లలను కిటికీలకు అడ్డంగా వేశారు, అంటే తెర ఎదుటో వెనుకో కాకుండా వెలుతురు పక్క నుంచి పడుతుంది. ఇది తెలిసినవారు చేసిన పని. తూర్పు కిటికీలకు వెదురు తెరలు ఉన్నాయి, ఉదయం ఏడింటికి సముద్రం మీద నుంచి వచ్చే ఎండను సగానికి దించుకోవచ్చు. కుర్చీలు మంచివి, నడుము దగ్గర ఆసరా, ఎత్తు మార్చుకునే మీట రెండూ పనిచేస్తాయి. బల్లలు మాత్రం అన్నీ ఒకే ఎత్తు, 75 సెంటీమీటర్లు. నా ఎత్తు ఐదడుగుల రెండు అంగుళాలు. చేతులు బల్లకు సరిపోయేలా కుర్చీ పైకి లేపితే కాళ్లు నేలకు ఆనవు, కాళ్లు ఆనేలా దించితే భుజాలు పైకి లేస్తాయి. మొదటి నెల మెడ నొప్పితో గడిచాక, వంటింట్లో మూలనున్న ఒక పాత చెక్క పీటను అడిగి తెచ్చుకుని కాళ్ల కింద వేసుకున్నాను, నొప్పి వారంలో తగ్గింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు పీటలు అడిగారు, ఇద్దరూ ఆడవాళ్లే. మన దగ్గర దొరికే బల్లల కొలతలు ఎవరి ఒళ్లు చూసి నిర్ణయించారో ఊహించడం కష్టం కాదు.

హాల్లో అసలు సమస్య గాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, మన ఇళ్లలో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పి పంపుతుంది. తలుపులు మూసి, పదిహేడు మంది కూర్చుని, ఏసీ వేసుకుంటే అందరం ఒకరు వదిలిన ఊపిరిని ఇంకొకరం పీలుస్తూ ఉంటాం. నా దగ్గర బొగ్గుపులుసు గాలిని, అంటే కార్బన్ డయాక్సైడును కొలిచే, అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి ఉంది. ఆరుబయట అది 430 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 430 పాళ్ల దగ్గర చూపిస్తుంది. ఉదయం కిటికీలు తీసి ఉన్నప్పుడు హాల్లో 600 లోపే ఉండేది. మధ్యాహ్నం మూడున్నరకు, ఏసీ వేసి తలుపులు మూసి రెండు గంటలు గడిచాక, 1,850 చూపించింది. గదుల్లో గాలి సరిగా మారుతోందా లేదా అని చూసుకోవడానికి సాధారణంగా 1,000ని గుర్తుగా పెట్టుకుంటారు. అప్పటిదాకా ఆ వేళకు అందరికీ వచ్చే మగతను మేం పప్పన్నం మీదికి నెట్టేవాళ్లం. గంటకోసారి పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తీసి చూశాం, అంకె సగానికి పడిపోయింది, మగత కూడా తగ్గిందని ఎక్కువమంది అన్నారు. తలుపు తీస్తే చల్లదనం పోతోందని ఇద్దరు గొడవపడ్డారు. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసి యజమానికి చూపించాక మార్చిలో పై భాగాన రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించారు, ఇప్పుడు అదే వేళకు 1,100 దగ్గర ఉంటోంది. వింత ఏమిటంటే, తాతగారు కట్టించిన పాత ఇంట్లో ప్రతి గదికీ కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉన్నాయి. మనవడు కట్టించిన కొత్త హాల్లో మాత్రం ఏసీ ఉంది కదా అని వాటిని వదిలేశారు.

ఫోన్ మాట్లాడుకునే అద్దాల గదులు మూడు ఉన్నాయి. ఇరవై మందికి మూడు చాలవు. ఉదయం పది నుంచి పదకొండు వరకు బ్యాంకు దగ్గర నిలబడ్డట్టు వరసలో నిలబడాలి. వాటిలో ఫ్యాను లేదు. పావుగంట మాట్లాడితే నా యంత్రం 2,000 దాటింది, నా చొక్కా తడిసింది. విశాఖ ఉక్కపోత తెలిసిన ఊళ్లో గాలి ఆడని గాజు పెట్టె కట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఆయనను ఏప్రిల్‌లో అందులో అరగంట కూర్చోబెట్టాలి.

శబ్దం విషయంలో హాలు నియమాలు మాత్రం సరైనవే. హాల్లో కాల్స్ మాట్లాడకూడదు, ఆ నియమాన్ని మేనేజరు మొహమాటం లేకుండా అమలు చేస్తారు. ఏసీ హోరు పనికి అడ్డు రాదు, రోడ్డు మీద బస్సు కూడా పెద్దగా అడ్డు రాదు. పక్క మనిషి మాట అడ్డొస్తుంది, అది మన భాషలో ఉంటే మరీ అడ్డొస్తుంది, ఎందుకంటే వద్దనుకున్నా అర్థమవుతుంది. గోడలు తీసేస్తే మనుషులు కలిసిపోతారన్న నమ్మకం మీద ఎన్నో ఆఫీసులు కట్టారు. అలా గోడలు తీసేసిన రెండు సంస్థల ప్రధాన కార్యాలయాల్లో ఉద్యోగులను పరికరాలతో గమనించి హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో ముఖాముఖి మాటలు పెరగడానికి బదులు దాదాపు 70 శాతం తగ్గాయని, మెయిళ్లు, సందేశాలు పెరిగాయని తేలింది. ఈ ఇంట్లోనూ నేను చూసింది అదే. హాల్లో మేం ఒకరికొకరం చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అపరిచితులం, అరుగు మీదికి వస్తే ఇరుగుపొరుగువాళ్లం.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఈ ఇంట్లో ఉండేవారిలో సగం మంది అమెరికా వేళల్లో పనిచేస్తారు, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తెల్లవారుజామున మూడున్నరకు ముగిస్తారు. మిగిలిన సగం పగటి మనుషులం. ఒకే కప్పు కింద రెండు కాలాలు నడుస్తుంటే గదులను ఆ లెక్కన విడదీయాలి. ఇక్కడ ఆ పని చేయలేదు, ఖాళీ అయిన గదిని ఎవరు ముందొస్తే వారికి ఇచ్చారు. పైగా పద్నాలుగు గదుల్లో ఎనిమిది మాత్రమే పాత ఇటుక గోడల గదులు. మిగిలిన ఆరు, పైనున్న పెద్ద హాలును పలకలతో అడ్డు కట్టి చేసినవి. నాకు మొదట ఇచ్చింది వాటిలో ఒకటి. పక్క గది అబ్బాయి మూడు ముప్పావుకు వచ్చి, చెప్పులు విడిచి, స్నానం చేసి, ఇంటికి ఫోన్ చేసి, నాలుగున్నరకు పడుకునేవాడు. అతను చేసిన తప్పేమీ లేదు, మెల్లగానే మాట్లాడేవాడు. వాళ్లమ్మ నెల్లూరులో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న సంగతి మాత్రం నాకు పూర్తిగా తెలుసు. పడకగదిలో నేపథ్య శబ్దం 30 డెసిబెల్ దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. నా ఫోనులోని కొలమానాన్ని పూర్తిగా నమ్మలేం గానీ, అతను బాల్చీ దించినప్పుడు అది 50 దాటేది. ఐదు వారాల పాటు నా నిద్ర రెండు ముక్కలైంది. గది తీసుకునేటప్పుడు గోడల గురించి అడిగితే మేనేజరు, “అన్ని గదులూ ఒకటే మేడమ్,” అన్నారు. ఒకటి కాదు. అద్దె మాత్రం ఒకటే.

ఇది ఒకవైపు ఇబ్బంది కూడా కాదు. రాత్రి పనిచేసి పగలు పడుకునేవారి కిటికీలకు పల్చటి తెల్ల తెరలు వేశారు, ఫోటోల్లో అవి బాగుంటాయి. తూర్పు ఎండ ఆరున్నరకే మంచం మీద పడుతుంటే, ఆ నెల్లూరు అబ్బాయి కిటికీ అద్దాలకు పాత దినపత్రికలు అంటించుకున్నాడు, కళ్ల మీద తువ్వాలు వేసుకుని పడుకునేవాడు. తెల్లవారాక వెలుతురు తగిలితే ఒళ్లు మేలుకోవాలనుకుంటుంది, దాన్ని మోసం చేయాలంటే గది నిజంగా చీకటిగా ఉండాలి. పడమటి వైపున్న నాలుగు గదులను రాత్రివారికిచ్చి, దళసరి తెరలు వేసి, చప్పుడు లేకుండా మూసుకునే తలుపులు బిగిస్తే సమస్యలో ముప్పాతిక తీరిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో పై అంతస్తు వెనుక వైపు ఇటుక గోడల గది ఖాళీ అయితే అందులోకి మారాను. ఆ రాత్రి నిద్రపోయిన నిద్ర గురించి రాస్తే ఇదొక సమీక్షలా ఉండదు.

వంటిల్లు ఈ ఇంటి రెండో బలం. ఉమ్మడి నివాసాల్లో వంటింటిది పాత పేచీ. లండన్‌లో లాన్ రోడ్డు మీద 1934లో వెల్స్ కోట్స్ రూపకల్పనతో ఐసోకాన్ ఫ్లాట్లు కట్టినప్పుడు ఒక్కో ఫ్లాటులో అగ్గిపెట్టెంత వంటగది పెట్టి, అసలు భోజనం కింద ఉమ్మడి వంటశాల నుంచి పంపేలా ఏర్పాటు చేశారు. 1937 నాటికి ఆ వంటశాలను రెస్టారెంటుగా, బారుగా మార్చేశారు. మనిషికి వండిపెట్టేవారు ఉండాలి, తనకు తోచినప్పుడు తాను టీ పెట్టుకునే గట్టు కూడా ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోది తీసేస్తే కుదరదు. విశాఖ ఇంట్లో రెండూ ఉన్నాయి. ఒక గట్టు వంటమ్మది, దాన్ని మేం ముట్టుకోకూడదు. రెండోది మాది, రెండు బర్నర్ల స్టవ్, ఒక సింకు, ఒక ఫ్రిజ్. ఫ్రిజ్‌లో ప్రతి గదికీ ఒక అర ఉంది, పెరుగు గిన్నె మీద గది నంబరు లేకపోతే అది ఎవరిదైనా కావచ్చు. హాల్లోకి తిండి తేకూడదన్నది ఇంకో నియమం. అందువల్ల మధ్యాహ్నం లేవక తప్పదు. మూడు దాటినా నేను లేవకపోతే వంటమ్మ హాలు గుమ్మం దగ్గరికొచ్చి, “ఏటమ్మా, మూడవుతోంది, ఇంకా తినలేదేటి?” అని అందరికీ వినబడేలా అడిగేది. నా ఫోనులో భోజనం గుర్తుచేసే యాప్ ఒకటి ఉండేది, దాన్ని తీసేశాను.

వంటింట్లో తప్పులు లేకపోలేదు. దాని కిటికీ సరిగ్గా హాలు దారికి ఎదురుగా ఉంది, ఎండు చేపలు వేయించిన రోజున బాదం చెట్టు కింద కాల్ మాట్లాడేవారి ముఖాలు చూడాలి. భోజనాల బల్లకు ఎనిమిది మందే పడతారు. రాత్రివారి భోజనం ఒంటిగంటకు, అప్పటికి హాట్‌బాక్సులో అన్నం గోరువెచ్చగా కూడా ఉండదు; వాళ్లు కూడా మాతో సమానంగానే డబ్బు కడతారు.

కరెంటు, నెట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, ఎందుకంటే రెండూ బాగున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన కుటుంబం కాబట్టి యజమాని హాలుకు విడిగా ఇన్వర్టరు, రౌటరుకు దాని సొంత బ్యాటరీ, రెండు వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు పెట్టించారు. ఏప్రిల్‌లో నలభై నిమిషాల కోత వచ్చినప్పుడు ఏసీలు ఆగాయి, పని ఆగలేదు.

కలిసి ఉండటాన్ని ఎలా నడుపుతున్నారన్నది చివరికి అన్నింటినీ మించిన విషయం. మొదటి నెలలో ప్రతి శనివారం సాయంత్రం మేనేజరు పరిచయాల ఆటలు పెట్టేవారు, రాకపోతే వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి అడిగేవారు. వారమంతా తెర ముందు నవ్విన మనిషికి శనివారం కూడా నవ్వే పని పెట్టడం సేవ కాదు. ఫిబ్రవరి నుంచి వాటిని మానేసి, హాలును శనివారం మధ్యాహ్నం మూసి, వెళ్లాలనుకున్నవారు బీచ్ రోడ్డు వైపు నడిచి వెళ్లేలా మార్చారు, అప్పటి నుంచి వచ్చేవారు పెరిగారు. కో-వర్కింగ్ అన్న పద్ధతికి 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నాంది పలికిన బ్రాడ్ న్యూబర్గ్ తన తొలి చోటును వారానికి రెండు రోజులే, ఐదు నుంచి ఎనిమిది బల్లలతో నడిపాడు. అందులో అందరూ కలిసి భోజనం చేసేవారు, సాయంత్రం 5:45కు కచ్చితంగా మూసేసేవారు. తర్వాత వచ్చినవారు బల్లల సంఖ్యను పెంచారు, మూసే వేళను మరిచిపోయారు, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుందన్నదే గొప్పగా చెప్పుకుంటున్నారు. ఈ ఇంటి హాలు కూడా రాత్రివారి కోసం తెరిచే ఉంచాలి, అది తప్పదు. పగటివారి బల్లల వైపు దీపాలను మాత్రం ఏడింటికి ఆర్పేస్తారు. ఆ మాత్రం సైగ చాలు.

పరిమాణం కూడా ముఖ్యమే. లండన్‌లో 2016లో ది కలెక్టివ్ అనే సంస్థ ఓల్డ్ ఓక్ దగ్గర ఐదు వందలకు పైగా గదులతో ఒక ఉమ్మడి నివాసం తెరిచింది, 2021లో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అదే 2016లో, ఉమ్మడి ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ సంస్థ న్యూయార్క్‌లోనూ, వాషింగ్టన్ పక్కనే క్రిస్టల్ సిటీలోనూ వీలివ్ పేరుతో మొదలుపెట్టిన నివాసాలు ఆ రెండింటిని దాటి పెరగలేదు. వాటి జమాఖర్చుల గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఐదు వందల మంది ఉన్న చోట ఒక మనిషి రెండు రోజులు కనిపించకపోతే ఎవరికి తెలుస్తుంది? ఫిబ్రవరి చివర్లో నాకు జ్వరం వచ్చి గదిలోంచి కదలలేదు. రెండో పూట కంచం అలాగే ఉండటం చూసి వంటమ్మ గంజి పట్టుకుని పైకొచ్చింది, సాయంత్రానికి అరుగు మీది అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పద్నాలుగు గదుల ఇంట్లో అది ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాటు చేయకుండానే జరిగింది.

ఖర్చు నెలకు ఏసీ గదికి, హాల్లో బల్లకు, నెట్‌కు కలిపి 26,000 రూపాయలు, భోజనానికి 6,500, గదిలో ఏసీ కరెంటు మీటరు లెక్కన వేరుగా. కొండాపూర్‌లో నా ఫ్లాటు అద్దె, మెయింటెనెన్స్, నెట్, వంటమనిషి జీతం కలిపితే ఇంచుమించు అంతే అవుతుంది, కాబట్టి చవక అని చెప్పను. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో గోడల రంగు పేరుతో 3,000 పట్టుకున్నారు. ఒప్పందంలో ఉన్న మాటే గానీ, నేను చేయని మరకలకు నేను కట్టడం కొంచెం బాధగా ఉంది. ఆడవాళ్ల భద్రత విషయంలో ఇబ్బంది ఎదురు కాలేదు, గేటుకూ మెట్లకూ హాలు దారికీ రాత్రంతా దీపాలు ఉంటాయి, గది తాళం మారుతాళం ఎవరి దగ్గర ఉందో రాసి ఇస్తారు.

ఊళ్లలోనూ మండలాల్లోనూ ఐటీ పనికి స్థలాలు కట్టేవారికి ప్రోత్సాహకాలు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది కాబట్టి ఇలాంటి హాళ్లు ఇంకా చాలా వస్తాయి, వాటిలో ఎన్నింటికి వెంటిలేటర్లు ఉంటాయో చూడాలి. ఈ ఇంటి విషయానికొస్తే, పగటి వేళల్లో నిశ్శబ్దంగా పనిచేసుకునేవారు ఇటుక గోడల గది దొరికితేనే వెళ్లాలి. రోజుకు ఐదారు గంటలు కాల్స్‌లో ఉండేవారికీ, రాత్రి షిఫ్టువారికీ ప్రస్తుతానికి సిఫార్సు చేయలేను. ఆగస్టు రెండో వారం నుంచి మళ్లీ మూడు నెలలకు వెనుక గదే కావాలని అడ్వాన్సు పంపాను, పీటను కూడా ఎవరికీ ఇవ్వవద్దని చెప్పాను. రాత్రివారి గదులకు దళసరి తెరలు కుట్టడానికి ఇచ్చామని మేనేజరు అన్నారు. ఫోన్ గదుల్లో ఫ్యాను సంగతి అడిగితే మాత్రం, “చూద్దాం మేడమ్,” అన్నారు.